రాత్రిపూట బ్లడ్ కల్చర్ పాజిటివ్ అని ఫోన్ చేస్తే వార్డులో పట్టించుకోవట్లేదు. మైక్రో పీజీలు ఏం చేస్తుంటారు?

మైక్రో_జేఆర్:

అందరికీ నమస్తే. కోస్తాలో ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎండీ మైక్రోబయాలజీ ఫస్టియర్ చేస్తున్నాను. నా నీట్ పీజీ ర్యాంకుకి జనరల్ మెడిసిన్ అందలేదు. కౌన్సెలింగ్ చివరి రౌండులో ఈ సీటు కనిపించింది, చేరిపోయాను. "అంటే రక్తపరీక్షలు చేసే డాక్టరా?" అని మా పెద్దమ్మ అడిగితే ఊఁ అన్నాను. వివరించే ఓపిక లేదు.

చేరాక పని నచ్చింది, అది మాత్రం నిజం. పొద్దున్నే ఇంక్యుబేటర్ తీసి ముందురోజు వేసిన ప్లేట్లు బల్లమీద పరుచుకుంటే భలే ఉంటుంది. బ్లడ్ అగార్ (రక్తం కలిపిన, బ్యాక్టీరియా పెంచే జెల్లీ) మీద స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా కాలనీ చుట్టూ ఎర్రదనం పోయి తేటగా కనిపిస్తుంది. మెకాంకీ అనే ఇంకో జెల్లీ మీద క్లెబ్సియెల్లా గులాబీరంగులో నిగనిగలాడుతుంటుంది, లూప్ తగిలించి పైకెత్తితే తీగపాకంలా సాగుతుంది. ప్రోటియస్ అయితే ఒక మూల పెడితే తెల్లారేసరికి ప్లేటంతా పాకేసి పక్కవాటిని కూడా కప్పేస్తుంది. సెకండియర్ రికార్డులో రంగు పెన్సిళ్లతో వేసినవన్నీ ఇవేనా అనుకున్నాను.

చిక్కంతా రాత్రి డ్యూటీలతో. మా దగ్గర బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) మెషిన్ ఉంది. బాటిల్‌లో ఏదైనా పెరిగితే బీప్ కొడుతుంది. డ్యూటీ పీజీ లేచి బాటిల్ తీసి, స్లైడ్ మీద స్మియర్ (పలుచని పూత) వేసి, గ్రామ్ స్టెయిన్ అనే రంగుపరీక్ష చేసి (ఊదా అయితే గ్రామ్ పాజిటివ్, గులాబీ అయితే నెగెటివ్), ప్లేట్ల మీద వేసి, వార్డుకి ఫోన్ చేయాలి. ఇంతవరకూ నేర్పారు. ఫోన్‌లో ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఈమధ్య ఒక రాత్రి ఒంటిగంటన్నరకు ఒకే పేషెంట్‌వి రెండు బాటిళ్లూ ఫ్లాగ్ అయ్యాయి, అంటే బీప్ కొట్టాయి. స్లైడ్ నిండా గ్రామ్ నెగెటివ్ బాసిల్లై (కడ్డీల్లాంటి బ్యాక్టీరియా). వార్డు ఫోన్ ఎంతసేపు మోగినా ఎత్తలేదు. చివరికి ఒక హౌస్ సర్జన్ ఎత్తాడు. "సార్ ఇప్పుడే పడుకున్నారు మేడమ్, రిపోర్ట్ పొద్దున పంపించండి" అన్నాడు. పొద్దున నేనే పైకెళ్లి చూస్తే యాంటీబయాటిక్ మారలేదు, అదే సెఫ్‌ట్రయాక్సోన్ నడుస్తోంది. కేస్ షీట్‌లో నా ఫోన్ సంగతి ఒక్క ముక్క లేదు. అది క్లెబ్సియెల్లా అని మర్నాడు తేలింది. ఆపైన, ఏ మందుకి లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీలో సెఫ్‌ట్రయాక్సోన్, పిప్టాజ్, మెరోపెనెం అన్నీ ఆర్, అంటే ఈ మందులకి లొంగదు. అప్పటికే ఆయన్ని ఐసీయూకి మార్చారు. నేను అడిగితే ఆ యూనిట్ అసిస్టెంట్ సార్ "నువ్వు మైక్రో కదమ్మా, ట్రీట్‌మెంట్ మేం చూసుకుంటాం" అన్నారు. కోపంగా కాదు, చాలా మామూలుగా. అందుకే ఇంకా మనసులో ఉండిపోయింది.

నేను అడగదలుచుకున్నవి: ఫోన్ ఎవరికి చేయాలి, ఏమని చెప్పాలి? ఫలానా మందు ఇవ్వండి అని ఫస్టియర్ పీజీ అనొచ్చా? వచ్చింది నిజమైన ఇన్‌ఫెక్షనా, చర్మం మీది కంటామినెంటా అని రాత్రిపూట ఎలా చెప్పగలను? రిక్వెస్ట్ ఫారంలో హిస్టరీ దగ్గర "ఫీవర్" అని తప్ప ఏమీ ఉండదు. కొన్నిటిలో అదీ ఉండదు.

ఇంకొకటి. మా బ్యాచ్‌వాళ్లు మళ్లీ నీట్ రాయమంటున్నారు. మీరేమంటారు?


సేఫ్టీపిన్:

చెల్లీ, నేను మైక్రో ఎండీ అయ్యి ఎస్‌ఆర్ (సీనియర్ రెసిడెంట్) చేస్తున్నాను. నీ పోస్టు చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే "పొద్దున పంపించండి మేడమ్" అన్న మాట ప్రతి కాలేజీలో ఇంతే, అక్షరం మారదు.

ముందు ఫోన్ సంగతి. వార్డు గోడకున్న ఫోన్‌కి చేయకు. అది ఎవరిదీ కాదు. ఆ రాత్రి ఆ యూనిట్ డ్యూటీ పీజీ ఎవరో కనుక్కుని అతని సెల్‌కే చెయ్యి. అన్ని యూనిట్ల డ్యూటీ నంబర్లూ నెలనెలా మీ డిపార్ట్‌మెంట్‌కి రావాలని మీ హెచ్‌ఓడీ మేడమ్ చేత ఒక సర్క్యులర్ వేయించు. హౌస్ సర్జన్ ఎత్తితే విషయం అతనికి చెప్పి వదిలేయకు, పీజీకి ఫోన్ ఇవ్వమను. పడుకున్నారంటే లేపమను. మనం లేచాం కదా, వాళ్లూ లేస్తారు.

ఫోన్ ఎత్తేముందు కాస్త పని ఉంది. ఆ ఐపీ నంబరు మీద ఇంతకుముందు ఏం శాంపిళ్లు వచ్చాయో రిజిస్టర్‌లో చూడు. రెండ్రోజుల కిందట యూరిన్‌లో ఇదే క్లెబ్సియెల్లా వచ్చి ఉంటే సగం కథ నీ చేతిలోనే ఉంది, సెన్సిటివిటీతో సహా. ఎన్ని బాటిళ్లు పంపారు, అందులో ఎన్ని ఫ్లాగ్ అయ్యాయి, లోడ్ చేసిన ఎన్ని గంటలకి అయ్యాయి, ఇవి చూసుకో. ఆ తర్వాత ఇలా మొదలుపెట్టు: "నేను మైక్రో డ్యూటీ పీజీని. మీ మేల్ మెడికల్‌లో ఫలానా పేషెంట్, నిన్న మధ్యాహ్నం పంపిన రెండు బాటిళ్లలోనూ గ్రామ్ నెగెటివ్ బాసిల్లై వచ్చాయి, పన్నెండు గంటల్లోపే. బీపీ ఎలా ఉంది? ఇప్పుడు ఏ యాంటీబయాటిక్ మీద ఉన్నారు? కాథెటర్ ఉందా, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం) ఉందా?"

చివరి మూడు ప్రశ్నలూ ముఖ్యం. "పాజిటివ్ వచ్చింది" అని చెప్పి ఆపేస్తే నువ్వు కబురు చెప్పే మనిషివి. ప్రశ్న అడిగితే అవతలివాడు సమాధానం కోసం కేస్ షీట్ తెరవాలి. తెరిచాడంటే ఇంక పేషెంట్ గురించి మాట్లాడుకోవడమే. తర్వాత అతని పేరు, టైము, ఏం చెప్పావో రిజిస్టర్‌లో రాయి. నువ్వు చెప్పింది అతనిచేత తిరిగి చెప్పించు. మొదట్లో మొహమాటంగా ఉంటుంది, అలవాటవుతుంది.

మందు చెప్పొచ్చా అంటే, ఒక్కదానివే చెప్పకు. మీ ఆన్‌కాల్ అసిస్టెంట్‌కి ఫోన్ చేసి మాట్లాడి, "మా మేడమ్‌తో డిస్కస్ చేశాం" అని చెప్పు. మీ ఆస్పత్రి యాంటీబయోగ్రామ్ (ఏ బ్యాక్టీరియా ఏ మందుకి ఎంత శాతం లొంగుతోందో చూపే పట్టిక) ప్రింటు తీసి మైక్రోస్కోప్ పక్కన అంటించుకో. మీ ఐసీయూలో వచ్చే క్లెబ్సియెల్లాలో సెఫ్‌ట్రయాక్సోన్‌కి ఎన్ని లొంగుతున్నాయో ఆ కాగితం చెబుతుంది. ఆ అంకె రాత్రి ఒంటిగంటకి నీ నోట్లో ఉంటే ఎవరూ "నువ్వు మైక్రో కదమ్మా" అనరు.

బాటిల్‌లోంచి నేరుగా ప్లేటు మీద పరిచి మందు డిస్కులు వేసే పద్ధతి కూడా ఉంది. యూకాస్ట్ (ఈ పరీక్షలకి ప్రమాణాలు పెట్టే యూరప్ సంస్థ) వాళ్ల ర్యాపిడ్ పద్ధతిలో 4, 6, 8 గంటలకే జోన్లు (డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని జాగా) కొలుస్తారు. దానికి వేరే బ్రేక్‌పాయింట్లు (లొంగిందా లేదా అని తేల్చే హద్దులు) ఉంటాయి, మామూలు పట్టిక వాడకూడదు. మీ మేడమ్ ఒప్పుకుంటే మొదలుపెట్టండి. ఒంటిగంటన్నరకి వేస్తే, బ్యాక్టీరియా పేరు కూడా తేలితే, పొద్దున రౌండ్స్ టైముకి మెరోపెనెం పనిచేస్తుందో లేదో చెప్పేయొచ్చు.

కంటామినెంట్ సంగతి. క్లస్టర్లలో (గుత్తులుగా) గ్రామ్ పాజిటివ్ కోకై (గుండ్రటి బ్యాక్టీరియా) ఒకే ఒక్క బాటిల్‌లో, అదీ రెండో రోజు దాటాక వచ్చి, పేషెంట్ నిలకడగా ఉండి, ఒంట్లో లైన్లేమీ లేకపోతే ఎక్కువగా చర్మం మీద ఉండే మామూలు స్టాఫ్ బ్యాక్టీరియానే. అయినా కొట్టిపారేయకు, ఇంకో రెండు సెట్లు వేరువేరు చోట్ల తీసి పంపమను. అదే క్లస్టర్లు అన్ని బాటిళ్లలో, త్వరగా వస్తే స్టాఫ్ ఆరియస్ అనుకునే మాట్లాడాలి. గ్రామ్ నెగెటివ్‌ని ఎప్పుడూ కంటామినెంట్ అనుకుని పడుకోకు. ఈస్ట్ (క్యాండిడా లాంటి ఫంగస్) కనిపిస్తే అసలే అనుకోకు. రక్తంలో క్యాండిడా ఉంటే లైన్ తీయాలి, యాంటీఫంగల్ మొదలవ్వాలి, కంటి డాక్టరు కూడా చూడాలి.

ఇంత చెప్పాక ఇంకో మాట, ఫోన్‌తో కూడా సరిపోదు, మెట్లెక్కి పైకెళ్లాలి. నా పీజీ రోజుల్లో ఒక కేసు చెబుతాను.

యాభై దాటిన రైతు. షుగర్ ఉంది, ఎప్పుడూ కంట్రోల్‌లో లేదు. నెలకి పైగా జ్వరం, బరువు తగ్గాడు, స్కాన్‌లో స్ప్లీన్ నిండా చిన్నచిన్న చీముగడ్డలు. వార్డులో టీబీ మందులు మొదలుపెట్టే ఆలోచనలో ఉన్నారు. గడ్డలోంచి తీసిన చీము మాకొచ్చింది. మొదటిరోజు బ్లడ్ అగార్ మీద సూదిమొనంత కాలనీలు, ఎవరైనా ఏదో పడిందిలే అని ప్లేటు పారేసేవే. మా టెక్నీషియన్ పారేయలేదు. మూడోరోజుకి ఎండి ముడతలు పడ్డాయి. ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పరీక్ష పాజిటివ్. గ్రామ్ చేస్తే బాసిల్లై రెండు చివర్లూ రంగు పట్టి మధ్యలో ఖాళీ. నా పేరు ఇక్కడ సేఫ్టీపిన్ అని ఎందుకుందో ఇప్పుడు తెలిసిందా. బ్యాక్టీరియా పేరు చెప్పే మెషిన్ బర్ఖోల్డేరియా సెపాసియా అంది. మా ప్రొఫెసర్ ఆ పేరు చూడను కూడా చూడలేదు, డిస్క్ ప్లేటు అడిగారు. జెంటామైసిన్ చుట్టూ జోన్ లేదు, కొలిస్టిన్ చుట్టూ లేదు, కానీ ఆమాక్సిక్లావ్ చుట్టూ ఇంత వెడల్పు జోన్. జెంటాకి, కొలిస్టిన్‌కి లొంగని ఆక్సిడేజ్ పాజిటివ్ బాసిల్లస్ ఆమాక్సిక్లావ్‌కి లొంగిందంటే మెలియాయిడోసిస్ అనే జబ్బు అనుకోవాలి. దాన్ని తెచ్చే బ్యాక్టీరియా బర్ఖోల్డేరియా సూడోమల్లై.

ఫారంలో "పీయూవో" (కారణం తెలియని జ్వరం) అని మూడక్షరాలే ఉన్నాయి. నేను పైకెళ్లాను. మంచం పక్కన ఆయన భార్య ఉంది. ఏం పని చేస్తారంటే వ్యవసాయం అంది. ఊడ్పులప్పుడు చేలోకి దిగుతారా అంటే, "దిగకపోతే ఎవరు దిగుతారమ్మా, కూలీలు ఎక్కడ దొరుకుతున్నారు" అంది. మడమలు పగిలి ఉన్నాయి. ఈ బ్యాక్టీరియా తడి మట్టిలో, వరిమళ్లలో ఉంటుంది, వానాకాలంలో షుగర్ పేషెంట్లకి ఎక్కువగా వస్తుంది. అది మంచం దగ్గర అడిగితేనే తెలిసింది, ప్లేటు మీద రాసి ఉండదు. రిఫరెన్స్ ల్యాబ్‌కి పంపితే పీసీఆర్‌లో ఖాయమైంది. టీబీ మందులు ఆగాయి, సెఫ్టజిడైమ్ వారాలపాటు ఇచ్చారు, ఆ తర్వాత నెలలకొద్దీ కోట్రిమాక్సజోల్. ఆ మందులు మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఇది చెప్పడానికి కూడా నేనే మళ్లీ వెళ్లాను, డిశ్చార్జ్ రోజున.

2025 సెప్టెంబరులో గుంటూరు జిల్లా తురకపాలెం మరణాలప్పుడు మెలియాయిడోసిస్ పేరు టీవీల్లో మోగిపోయింది. అంతకుముందు ఫోన్‌లో చెబితే "మెలనోమానా?" అని, చర్మ క్యాన్సర్ అనుకుని అడిగినవాళ్లున్నారు.

ఒక జాగ్రత్త. ప్లేటు మూత తీసి వాసన చూసే పాత అలవాటు మీ దగ్గర ఎవరికైనా ఉంటే నువ్వు నేర్చుకోకు. సూడోమొనాస్ ద్రాక్షపండు వాసన వస్తుందని పుస్తకాల్లో ఉంటుంది, చూడాలనిపిస్తుంది. ఆ ప్లేటు మీద ఉన్నది ఇదైతే కష్టం. అనుమానం రాగానే సేఫ్టీ క్యాబినెట్‌లోకి మార్చు.

నీట్ గురించి తర్వాత రాస్తాను, డ్యూటీకి టైమయింది.


పాత_టెక్నీషియన్:

డాక్టరమ్మా, నేను పీజీని కాదు, ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఎన్నో బ్యాచ్‌ల పీజీలను చూశాను కాబట్టి రెండు మాటలు.

ఫోన్ చేసేముందు స్లైడ్ నీకు నువ్వు నమ్మేలా ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్లు బాటిల్‌లోంచి పెద్ద చుక్క వేసి దళసరి స్మియర్ చేస్తారు. రక్తం ఎక్కువైతే డీకలరైజ్ సరిగ్గా అవదు, నెగెటివ్ కూడా ఊదాగా కనిపిస్తుంది. చుక్క చిన్నదిగా వేసి పలుచగా పరువు, గాలికి పూర్తిగా ఆరనివ్వు, తొందరపడి తడిమీద వేడి చేయకు. అదే స్లైడ్ చివర తెలిసిన స్టాఫ్ ఒకటి, ఈ కొలై ఒకటి పెట్టుకుని కలిపి రంగు వెయ్యి. అవి రెండూ సరిగ్గా వస్తే మధ్యలోదాన్ని నమ్మొచ్చు. అసిటోన్ విషయంలో చెయ్యి బరువైతే పాజిటివ్ కూడా గులాబీ అయిపోతుంది.

రెండోది, శాంపిల్. పెద్దవాళ్లకి ఒక్కో బాటిల్‌లో 8 నుంచి 10 ఎంఎల్ రక్తం పడాలి. మాకొచ్చేవాటిలో చాలావాటికి 2 ఎంఎల్ కూడా ఉండదు. రక్తం తక్కువైతే బ్యాక్టీరియా దొరకదు, అప్పుడు "మీ ల్యాబ్‌లో ఎప్పుడూ నో గ్రోతే" అని మనల్నే అంటారు. కొందరు సిస్టర్లు జాగ్రత్త అనుకుని బ్లడ్ కల్చర్ బాటిల్, సీఎస్‌ఎఫ్ (వెన్నులోంచి తీసిన నీరు) రెండూ ఫ్రిజ్‌లో పెడతారు. రెండూ పెట్టకూడదు. సర్జరీవాళ్లు టిష్యూని ఫార్మలిన్‌లో వేసి కల్చర్‌కి పంపుతారు. ఫార్మలిన్‌లో పడ్డాక ఇంకేం బతుకుతుందమ్మా? నార్మల్ సలైన్‌లో పంపమంటే "పాథాలజీకి ఫార్మలిన్‌లోనే పంపుతాం కదా" అంటారు. ఫోలీ కాథెటర్ (మూత్రం గొట్టం) కొస కోసి పంపడం ఇంకోటి. అది కల్చర్ చేయకూడదని బోర్డు పెట్టినా వస్తూనే ఉంటాయి.

ఇవన్నీ ఫోన్‌లో చెబితే గొడవలవుతాయి. ఖాళీ బాటిళ్లు ఇవ్వడానికి వెళ్లినప్పుడు సిస్టర్‌తో నిలబడి మాట్లాడితే సర్దుకుంటాయి. నీకు ల్యాబ్‌లో అసలు పని నేర్పేది కూడా మాలాంటివాళ్లమే, టీ తాగే టైములో మాతో కూర్చో.


ఐసీయూ_నైట్:

ఫోన్‌కి అవతలివైపు నుంచి రాస్తున్నాను. హైదరాబాద్‌లో క్రిటికల్ కేర్.

చెల్లెమ్మా, నీ హౌస్ సర్జన్‌ని సమర్థించట్లేదు. కానీ రాత్రి ఒంటిగంటన్నరకి అక్కడ ఎలా ఉంటుందో చెబుతాను. ఒక మంచం దగ్గర సక్షన్, ఇంకో మంచం దగ్గర పల్స్ చూస్తున్నారు, క్యాజువాలిటీ నుంచి ఇంకొక కేసు వస్తోంది. అప్పుడు ఫోన్‌లో "సార్, మైక్రోబయాలజీ నుంచి, మీ శాంపిల్ పాజిటివ్" అంటే చెవికెక్కదు. మాకు పాజిటివ్ అన్నమాట రోజుకి వందసార్లు వినిపిస్తుంది. "మీ పేషెంట్ రక్తంలో గ్రామ్ నెగెటివ్స్, మీరిస్తున్న సెఫ్‌ట్రయాక్సోన్ మన ఆస్పత్రిలో వీటికి ఎక్కువగా పనిచేయట్లేదు" అని మొదటి వాక్యంలో వస్తే నేను చేతిలో పని ఆపుతాను. మళ్లీ కబురు ఎప్పుడొస్తుందో కూడా చెప్పు. "పొద్దున 10కి పేరు చెబుతాను, రేపు మధ్యాహ్నానికి సెన్సిటివిటీ" అంటే నేను దాన్నిబట్టి ప్లాన్ చేసుకుంటాను.

మీ మీద నాకున్న ఫిర్యాదులు కూడా చెప్పేస్తాను. ఈటీ ఆస్పిరేట్‌లో (శ్వాస గొట్టంలోంచి లాగిన కఫంలో) ఎసినెటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా అని రిపోర్ట్ వస్తుంది, కింద ఇరవై మందుల పట్టిక. వెంటిలేటర్ మీద పదిరోజులున్న మనిషి గొట్టంలో ఎసినెటోబ్యాక్టర్ లేకపోతేనే ఆశ్చర్యం. అది అక్కడ ఊరికే కాపురం ఉందా, న్యుమోనియా చేస్తోందా అని ఎవరూ రాయరు. రిపోర్ట్ చూసి రౌండ్స్‌లో ఎవరో ఒకరు కొలిస్టిన్ రాసేస్తారు, వారం తిరిగేసరికి కిడ్నీ దెబ్బతిని క్రియాటినిన్ పెరుగుతుంది. స్మియర్‌లో పస్ సెల్స్ ఉన్నాయో లేదో ఒక్క లైన్ రాస్తే చాలు. క్లెబ్సియెల్లా రిపోర్ట్‌లో ఆంపిసిలిన్ ఆర్ అని రాయడం ఎందుకు? అది పుట్టుకతోనే ఆర్ కదా.

ఇంకో ప్రశ్న, సేఫ్టీపిన్ గారికి. ఈమధ్య మాకు వచ్చే రిపోర్టుల్లో కొలిస్టిన్ ఎప్పుడు చూసినా "ఐ" అనే ఉంటుంది. ఇంటర్మీడియట్ అంటే ఇవ్వాలా మానాలా?


మైక్రో_జేఆర్:

అక్కా, టెక్నీషియన్ గారూ, ఐసీయూ అన్నా, థాంక్స్. ఊడ్పుల కేసు మా కో-పీజీకి చదివి వినిపించాను. మా యాంటీబయోగ్రామ్ అడిగితే మా మేడమ్ రెండేళ్ల కిందటిది ఇచ్చి, కొత్తది నువ్వే తయారుచెయ్యి అన్నారు. నోరు తెరిచినందుకు ఫలితం! ఒకే పేషెంట్‌వి ఐదు శాంపిళ్లలో ఒకే బ్యాక్టీరియా వస్తే ఐదూ లెక్కపెట్టాలా?


సేఫ్టీపిన్:

డ్యూటీ అయింది.

చెల్లీ, లెక్కపెట్టకూడదు. ఒక పేషెంట్‌కి, ఒక బ్యాక్టీరియాకి, ఆ కాలవ్యవధిలో మొదటి ఐసొలేట్ (శాంపిల్‌లో పెరిగిన బ్యాక్టీరియా) ఒక్కటే. లేకపోతే ఐసీయూలో నెలరోజులున్న ఒక్క మనిషి మీ ఆస్పత్రి అంకెలన్నీ పాడుచేస్తాడు. ఒక జాతివి కనీసం 30 ఐసొలేట్లు ఉంటేనే శాతం వెయ్యి. ఐసీయూవి వేరుగా, వార్డులవి వేరుగా తియ్యి, ఓపీ యూరిన్లు కలపకు. ఇదంతా వూనెట్‌ (WHONET)లో చేయొచ్చు, డబ్ల్యూహెచ్‌ఓ ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్. కావాలంటే దీన్నే థీసిస్ వైపు కూడా తిప్పుకోవచ్చు.

ఐసీయూ అన్నా, మీ ఫిర్యాదులు న్యాయమే. ఆంపిసిలిన్ సంగతి మెషిన్ ఇచ్చింది ఇచ్చినట్టు ప్రింట్ కొట్టడం వల్ల వస్తుంది. అది మా బద్ధకం. ఆస్పిరేట్ గురించి మాత్రం మీవైపు కూడా చూడండి. జ్వరం లేదు, ఎక్స్‌రే మారలేదు, ఆక్సిజన్ పెరగలేదు, అయినా "రొటీన్ కల్చర్" అని సోమవారం, గురువారం పంపితే మేం మాత్రం ఏం రాస్తాం? ఫారం మీద "కొత్త ఇన్‌ఫిల్ట్రేట్" అని రెండు పదాలుంటే రిపోర్ట్ కింద కామెంట్ రాయడానికి మాకు ధైర్యం వస్తుంది.

కొలిస్టిన్: 2020లో సీఎల్‌ఎస్‌ఐ (ఈ పరీక్షలకి ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) వాళ్లు "ఎస్" (లొంగుతుంది) అన్న గడినే తీసేశారు. క్లెబ్సియెల్లా, ఎసినెటోబ్యాక్టర్, సూడోమొనాస్‌లకి ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే అతి తక్కువ మందు మోతాదు) 2 లేదా అంతకన్నా తక్కువైతే "ఐ", 4 లేదా ఎక్కువైతే "ఆర్". అంతే. కాబట్టి "ఐ" అంటే ఉన్నవాటిలో మంచి రిజల్ట్ అదే. ఎస్ ఎందుకు తీశారంటే, ఎంఐసీ తక్కువున్నా ఒంట్లో మందు చాలినంత చేరుతుందన్న నమ్మకం లేదు, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో. కిడ్నీ దెబ్బ ఎలాగూ ఉంది. వేరే దారి ఉంటే అటు వెళ్లమని, తప్పనిసరైతే ఇంకోదానితో కలిపి ఇవ్వమని దాని అర్థం. ఇంకో మాట, మీ ల్యాబ్ కొలిస్టిన్‌ని ఎలా టెస్ట్ చేస్తోందో అడగండి. మామూలుగా ప్లేటు మీద డిస్క్ పెట్టి చేస్తే నమ్మకండి, ఆ మందు అగార్‌లోకి సరిగ్గా పాకదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్ (ద్రవంలో మందుని పలుచన చేస్తూ చూసే పద్ధతి) చేయాలి. మా మెలియాయిడోసిస్ కేసులో డిస్క్ పనికొచ్చింది కదా అంటే, అక్కడ మేం చూసింది పుట్టుకతో ఉన్న రెసిస్టెన్స్ గుర్తుపట్టడానికి, ట్రీట్‌మెంట్‌కి కాదు.

మీ క్లెబ్సియెల్లా మెరోపెనెం ఆర్ అయితే దాన్ని పాడుచేసే ఎంజైమ్ (కార్బపెనిమేజ్) ఏ రకం అని మైక్రోవాళ్లని అడగండి. ఎన్‌డీఎం రకం ఉంటే సెఫ్టజిడైమ్-అవిబాక్టం ఒక్కటే పనిచేయదు, ఆజ్‌ట్రియోనామ్ కలపాలి. ఆక్సా-48 రకం ఒక్కటే అయితే సెఫ్టజిడైమ్-అవిబాక్టం సరిపోవచ్చు. ఒక్కో డోసు ధర మీకు తెలుసు. ఒక టెస్ట్ కోసం ఒక్క ఫోన్ చేస్తే పేషెంట్ ఇంటివాళ్లకి ఎంత మిగులుతుందో చూడండి.

నీట్ గురించి. మళ్లీ రాయొద్దని నేననను. మంచం దగ్గరే ఉండి మందు రాయాలని రోజూ పీకుతుంటే రాయి, ఇక్కడ ఆ కోరిక పూర్తిగా తీరదు. ఉద్యోగాల విషయంలో తీపి మాటలు చెప్పను. ప్రభుత్వంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులు, ప్రైవేటు కాలేజీల్లో క్లినికల్‌వాళ్లతో పోలిస్తే తక్కువ జీతాలు. 2025 నిబంధనల్లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ వాళ్లని కూడా మైక్రోబయాలజీ ఫ్యాకల్టీగా తీసుకోవచ్చన్నారు, దాని మీద మనవాళ్లలో కోపం ఉంది. కార్పొరేట్ ఆస్పత్రుల్లో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ ఆఫీసర్ పోస్టులు ఉన్నాయి, ఎన్‌ఏబీహెచ్ (ఆస్పత్రుల నాణ్యతా బోర్డు) గుర్తింపు కావాలంటే వాళ్లకి మనం కావాలి. కాకపోతే అక్కడ సగం రోజు ఫైళ్లతో పోతుంది. నాకు నచ్చి ఉన్నాను. అందరికీ నచ్చాలని లేదు.


లీడ్స్_నుంచి:

మాది ఏలూరు దగ్గర. గుంటూరులో ఎంబీబీఎస్, ఇప్పుడు ఇంగ్లండ్‌లో మైక్రోబయాలజీ రిజిస్ట్రార్‌ని. ఇక్కడ నేను ప్లేటు ముట్టుకోను. ప్లేట్లు, స్టెయిన్లు అన్నీ బయోమెడికల్ సైంటిస్టులే చూస్తారు. నా పనంతా ఫోన్, ఇంకా వార్డుల చుట్టూ తిరగడం. పొద్దున పాజిటివ్ బ్లడ్ కల్చర్ల జాబితా పట్టుకుని కూర్చుంటాం, ఒక్కో పేషెంట్ డాక్టరుతో మాట్లాడతాం, ఇచ్చిన సలహా పేషెంట్ రికార్డులో రాస్తాం. మధ్యాహ్నం ఐసీయూ రౌండ్. స్టాఫ్ ఆరియస్ వస్తే మందు పేరు చెప్పి ఊరుకోం, మళ్లీ కల్చర్లు పంపారా, గుండె ఎకో అయిందా, మెథిసిలిన్‌కి లొంగేదైతే వ్యాంకోమైసిన్ నుంచి బీటాలాక్టం (పెన్సిలిన్ జాతి) మందుకి మార్చారా అని రోజూ వెంటపడతాం. రాత్రి ఆన్‌కాల్ ఇంటి నుంచే. మెనింజైటిస్ కేసు, ఎవరికో సూది గుచ్చుకుంది, ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్‌కి జ్వరం, ఇలాంటివి వస్తాయి.

సేఫ్టీపిన్ గారు చెప్పినదానికి ఇక్కడ ఉద్యోగమే ఉంది అనుకోండి. ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ ట్రైనీలూ మేమూ మొదటి రెండేళ్లు కలిసే ట్రైనింగ్ చేస్తాం, కాబట్టి "నువ్వు మైక్రో కదా" అన్నమాట తక్కువ. అలాగని స్వర్గం కాదు. ఎనిమిది ఆస్పత్రుల ఫోన్లు ఒక్కరికే వచ్చిన రాత్రులున్నాయి, పేషెంట్ మొహం చూడకుండా మందు చెప్పడం నాకింకా ఇబ్బందే. చేతితో గ్రామ్ చేసి మెట్లెక్కి మంచం దగ్గరికి వెళ్లే అవకాశం మీకుంది, నాకు లేదు.

ఇక్కడి స్పెషలిస్టు పరీక్ష ఎఫ్‌ఆర్‌సీపాథ్ పార్ట్ వన్ ఇక్కడి ట్రైనింగ్‌లో లేనివాళ్లు కూడా రాయొచ్చు. థర్డ్ ఇయర్‌లో ఆలోచించు, ఇప్పుడు కాదు. అడగాల్సినవి ఉంటే మెసేజ్ పెట్టు.


మైక్రో_జేఆర్:

చిన్న అప్‌డేట్. డ్యూటీ నంబర్ల సర్క్యులర్‌కి మా హెచ్‌ఓడీ మేడమ్ సంతకం పెట్టారు. మెడిసిన్ యూనిట్లు, పీడియాట్రిక్స్, ఐసీయూ నంబర్లు ఇచ్చేశాయి, మైక్రోస్కోప్ పైన అంటించాం. మొన్న రాత్రి పీడియాట్రిక్స్ పీజీకి చేస్తే ఒక్క రింగుకే ఎత్తాడు. నేను కాథెటర్ గురించి అడిగితే "బొడ్డు లైన్ ఉంది, తీసేయాలా?" అని తనే అడిగాడు. ఈస్ట్ వచ్చింది లెండి. మా అసిస్టెంట్ మేడమ్‌ని లైన్లో కలిపాను, వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు, పక్కన నేను రాసుకున్నాను.

యాంటీబయోగ్రామ్ ఇంకా అవలేదు. డూప్లికేట్లు తీసేస్తుంటే సగం వరసలు పోతున్నాయి. ఎంటరోకాకస్ 30 దాటలేదు, దానికి శాతం వేయకుండా వదిలేస్తున్నాను.

సర్జరీ డిపార్ట్‌మెంట్ నంబర్లు మాత్రం ఇంకా ఇవ్వలేదు. రేపు ఓటీ దగ్గరికే వెళ్లి అడుగుతాను. ఫార్మలిన్ సంగతి కూడా పనిలో పని చెప్పేస్తాను, టెక్నీషియన్ గారూ.